కారుకు సెలైన్

మనిషి గొప్పతనం చదువులో లేదు, సంపదలో లేదు, సద్గుణాల్లో అసలే లేదు. ఆగి ఉన్న కారు కింద టపటపా పడే నీటి చుక్కల్లో ఉంది!

ఈ మహాసత్యాన్ని లోకానికి ప్రకటించినవాడు మా బావ ధర్మేందర్. జనగామలో ఒక సర్కారు ఆఫీసుకు సూపరింటెండెంటు. ఏ ఆఫీసని మాత్రం అడక్కండి. చెబితే అక్కడ మీ పనేదైనా ఉంటే ఆగిపోతుంది. చెప్పకపోయినా ఆగే ఉంటుందనుకోండి, అది వేరే సంగతి.

బావ మాటలో అబద్ధం లేదు. కారులో ఏసీ నడిస్తే గాలిలోని తేమ నీళ్లయి బండి కింద కారుతుంది. అందుకని మా దిక్కున ఎండాకాలం పెండ్లికో, దావతుకో కారొచ్చి ఆగితే ముందుగా ఎవరూ దిగినవాళ్ల మొహం చూడరు. కొంచెం వంగి కారు కింద చూస్తారు. తడి కనబడితే కుర్చీ తెస్తారు, కూల్‌డ్రింకు తెస్తారు. పొడిగా ఉంటే "నీళ్లు గా కుండల ఉన్నయి, ముంచుకొని తాగుండ్రి" అంటారు. నేను మానుకోటలో జిరాక్సు దుకాణం నడుపుకునేవాణ్ని. మోటార్ సైకిలు మీద పోయేవాణ్ని. జీవితమంతా కుండనీళ్లే తాగాను.

బావ ఆ కారును పోయిన కార్తీకంలో సెకండ్‌హ్యాండులో కొన్నాడు. చలికాలమంతా ఏసీ బ్రహ్మాండంగా పనిచేసింది. చలికాలంలో చల్లగాలి రాకపోతే కదా వింత! శివరాత్రికి చలి శివశివా అంటూ పోయింది. దాని వెనకే ఏసీ కూడా పోయింది.

హైదరాబాదు రోడ్డు మీద జాన్ అని ఒక మెకానిక్ ఉన్నాడు. బావ కారును అతని షెడ్డులో పెట్టాడు. ఆ రోజు నేనూ వెంట ఉన్నాను. షెడ్డు పైన "అన్ని రకాల కార్లకు చల్లదనం గ్యారంటీ" అని బోర్డు ఉంది. కింద జాన్ అట్టముక్కతో విసురుకుంటున్నాడు.

"సార్, గ్యాస్ లీకైతున్నది. డాష్‌బోర్డు లోపట కూలింగ్ కాయిల్‌కు బొక్క వడ్డది," అన్నాడు జాన్.

"మొన్ననే గ్యాస్ నింపినవ్ కదనయ్యా!"

"నింపిన. కారింది. బొక్క బిందెల ఎన్ని నీళ్లు వోస్తె ఏం ఫాయిదా? డాష్‌బోర్డంత ఇప్పాలె, కాయిల్ మార్చాలె. కాయిల్ హైదరాబాద్ నుంచి రావాలె. వారం అయితది."

బావ గొంతు సవరించుకున్నాడు. ఆయన గొంతు సవరించుకున్నాడంటే లోపలి నుంచి ఆఫీసు బయటికి వస్తున్నదని అర్థం.

"శాశ్వత పరిష్కారం అంశాన్ని తదుపరి పరిశీలిద్దాం. ప్రస్తుతానికి తాత్కాలిక ప్రాతిపదికన ఏదైనా ఏర్పాటు చెయ్యి."

"తాత్కాలికంగనైతె అద్దాలు దించుకొని పోండ్రి సార్," అన్నాడు జాన్.

బావ మొహం చూడాలి! ఆయన్ను ఎవరో నడిబజార్లో చొక్కా విప్పుకొని పొమ్మన్నట్టు అయిపోయింది.

తొందర ఎందుకంటే, ఎల్లుండే ఇల్లు చూడబోవాలి. మా దిక్కున పిల్లగాడు వచ్చి పిల్లను చూసిపోయాక, పిల్ల తరఫు పెద్దలు పిల్లగాని ఇల్లు చూడబోతారు. ఇల్లు నచ్చితేనే మాట ఖాయం. ఆ ఇంట్లో బతకాల్సింది పిల్ల కనుక ఆమె తప్ప మిగతా అందరూ పోయి చూస్తారు. అయ్యగారు పంచాంగం చూసి పెట్టిన మంచిరోజు దాటితే మళ్లీ అట్లాంటిది దగ్గరలో లేదట.

పిల్ల మా మేనకోడలు స్రవంతి. జనగామ దవాఖానలో నర్సు. పిల్లగాడు మహేందర్, భూపాలపల్లిలో బడిపంతులు. ఊరు చెల్పూర్. తండ్రి రాజలింగుకు అక్కడ సిమెంటు, ఇనుప సామాను దుకాణం. పిల్లా పిల్లగాడూ ఒకరికొకరు నచ్చారు. ఇక మిగిలింది పెద్దలు చెడగొట్టడమే.

ఇంటికి రాగానే బావ బిడ్డను పిలిచాడు.

"బిడ్డా, మీ దవాఖానల సెలైన్ ఎక్కిస్తరు గద. అసొంటి సీసా, పైపు మెడికల్ షాపుల కొనుక్కరా."

స్రవంతి కంగారు పడింది. "ఎవలకు బాపూ? నాయినమ్మకేమన్న అయిందా?"

"నాయినమ్మకు కాదు. కారుకు."

విషయం ఏమిటంటే, సీసాలో నీళ్లు పోసి బానెట్ లోపల కట్టాలి. పైపు కిందికి వదలాలి. కారు రాజలింగు ఇంటి ముందర ఆగేసరికి కింద చుక్కలు పడుతుండాలి. ఏసీ లేకపోయినా ఏసీ నీళ్లు ఉంటాయి! ఇట్లాంటి బుర్ర ఉన్నవాణ్ని జనగామలో ఉంచారంటే సర్కారుకు మనుషుల విలువ తెలియదన్నమాట.

"గిది కారా, పేషెంటా బాపూ? ఏసీ ఖరాబైందని చెప్తె ఏమైతది? వాళ్లేమన్న ఉరివెడ్తరా?"

"పరువు పోతది బిడ్డా. ఇదంత నీ పెండ్లి కోసమే గద!"

"నా పెండ్లి కోసమైతె నిజం చెప్పు."

"నిజాలు చెప్పుకుంట పోతె నేను సూపరింటెండెంట్ అయ్యేటోన్నా?"

స్రవంతి పోయి సీసా తెచ్చింది. పళ్లు కొరుకుతూనే బానెట్ లోపల కట్టింది. పైపు మధ్యలో ఉండే చక్రం తిప్పితే చుక్కలు ఎట్లా మొదలవుతాయో, ఎట్లా ఆగుతాయో నాకు నేర్పింది. ఆ విధంగా నేను కారుకు కాంపౌండర్‌నయ్యాను.

తర్వాత నన్ను పక్కకు పిలిచింది. "మామా, మహేందర్ మంచోడు. నాకు నచ్చిండు. బాపు గొప్పలకు వోయి గీ సంబంధం చెడగొట్టకుండ నువ్వే చూసుకోవాలె." కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ పిల్ల చిన్నప్పుడు జాతరలో బుడగ కూడా అడగలేదు నన్ను. మొదటిసారి అడిగింది ఇది. నా గుండె నీరైపోయింది. "నీ పెండ్లి చేసే బాధ్యత నాది బిడ్డా," అని మాటిచ్చాను. ఎట్లా చేయాలో నాకేం తెలుసు? మాట ఇయ్యడానికైతే ఏమీ తెలియనక్కర లేదు.

ఎల్లుండి రానే వచ్చింది. బావ డ్రైవింగు, పక్కన నేను. వెనక మా అక్క నీరజ, బావను కన్న అవ్వ లచ్చమ్మ. రోహిణి కార్తెకు ముందే రోళ్లు పగిలే ఎండ. నాలుగు అద్దాలూ పైకి!

"అద్దం జర దించురా ధర్మేందరూ. పానం పోతున్నది," అంది లచ్చమ్మ జనగామ దాటకముందే.

"ఏసీ కారుల అద్దాలు దించొద్దవ్వా."

"ఏసీ యాడున్నదిరా?"

"లేకున్నా దించొద్దు!"

చివరికి అక్క మధ్యవర్తిత్వంతో ఒక ఒప్పందం కుదిరింది. ఊరూ ఊరూ మధ్య పొలాల దగ్గర దించుకోవచ్చు. మనిషి కనబడితే ఎత్తాలి. ఇక చూడండి మా ప్రయాణం! "ఊరొస్తున్నది, అద్దాలు!" అని బావ కేక. అందరం అద్దాలు ఎత్తి చలికి ముడుచుకున్నట్టు చేతులు కట్టుకొని కూర్చోవడం. ఊరు దాటగానే దించి చేపల్లాగా నోళ్లు తెరవడం. ఒకచోట ఊరు కాదు, గొర్రెల మంద వచ్చింది. బావ దానికి కూడా ఎత్తించాడు. "గొర్ల వెనక గొల్లాయన ఉంటడు," అన్నాడు. దూరాలోచన!

హన్మకొండ వచ్చాక చచ్చాం. ఆ ఊరు ఎంతకూ అయిపోదు. సిగ్నలు దగ్గర ఆగితే అక్క పట్టుచీర పిండుకునేట్టు అయింది. బావ మాత్రం పక్క కారువాణ్ని చూసి, జలుబు చేసినట్టు ముక్కు చీదాడు.

పరకాలలో పండ్ల కోసం ఆగాం. అక్కడ బావ ఆఫీసులో పనిచేసే టీక్యా ఎదురయ్యాడు. చుట్టాలింటికి వచ్చాడట. చెమటలు కక్కుతూ కారు దగ్గరికొచ్చి అద్దం మీద కొట్టాడు.

"నమస్తే సార్! జర అద్దం దించుండ్రి సార్. చల్లగాలి మొఖానికి తగలనియ్యుండ్రి. సచ్చిపోతున్న ఎండకు."

తప్పేది కాదు. బావ అద్దం నాలుగు వేళ్లు దించాడు. లోపలున్న సెగ మొత్తం దారి దొరికిందని ఒక్కసారిగా టీక్యా మొహం మీదికి దూకింది. పాపం, కనురెప్పలు ముడుచుకుపోయాయి. ఒక అడుగు వెనక్కి వేశాడు. బావ అతని కళ్లలోకి సూటిగా చూశాడు. టీక్యా ఇంక్రిమెంటు ఫైలు బావ టేబుల్ మీదే ఉంది.

"అబ్బబ్బ! ఏం చల్లగున్నది సార్! మంచుగడ్డ సార్, మంచుగడ్డ!" అన్నాడు టీక్యా.

బావ నా వైపు తిరిగి, "నిజంగనే చల్లగుందేమో బామ్మర్దీ. మనకే అలవాటైపోయి తెలుస్తలేదు," అన్నాడు. ఎగతాళికి అనలేదండీ. మనస్ఫూర్తిగా అన్నాడు!

చెల్పూర్ దగ్గరికొచ్చేసరికి దూరంగా కరెంటు కేంద్రం పొగగొట్టాలు కనబడ్డాయి. "చూడు, కరెంటు పుట్టే ఊరు ఇది. వీళ్ల ఇంట్ల ఏసీ గిర్రున తిరుగుతుంటది. మనం తగ్గొద్దు," అని బావ కారు పక్కకు ఆపాడు. నేను దిగి బానెట్ ఎత్తి, చక్రం తిప్పి, రోగికి సెలైన్ మొదలుపెట్టి వచ్చాను.

రాజలింగు ఇంటి ముందర ఆగాం. రాజలింగు, ఆయన భార్య ఓదెమ్మ, మహేందర్, నలుగురైదుగురు పక్కింటివాళ్లు నిలబడి ఉన్నారు. అందరూ నమస్కారం పెట్టారు. పెడుతూనే వంగారు. నమస్కారానికి అంత వంగనక్కర లేదు.

టప్. టప్. టప్.

"రాండ్రి బావా, రాండ్రి!" రాజలింగు మొహం వెలిగిపోయింది. సంబంధం ఖాయం కాకముందే బావ అయిపోయాడు మా బావ! నీటి చుక్క మహిమ అది. ఆ నీడన పడుకుందామని ఒక కుక్క కారు కిందికి దూరింది. ఇంజను పక్కన ఇంతసేపు కాగిన నీళ్లు కదా, ఒక చుక్క వీపు మీద పడేసరికి కుయ్యోమంటూ ఊరవతలికి పరుగెత్తింది. "చలికి తట్టుకోలే పాపం," అన్నాడు బావ.

ఇల్లు మంచి ఇల్లే. బయట వేపచెట్టు, అరుగు, హాయిగా గాలి. అక్కడే కూర్చుంటామని లచ్చమ్మ అరుగు మీద చెయ్యి వేసింది.

"అయ్యో, బయటెందుకు పెద్దమ్మా! లోపట ఏసీ ఉన్నది," అని రాజలింగు అందరినీ లోపలి గదిలోకి తోశాడు. కిటికీలు మూశాడు. పరదాలు దించాడు. తలుపు వేశాడు. గోడ మీద తెల్లగా ఏసీ మెరుస్తున్నది. కొత్త రిమోటు పట్టుకొని టిక్కుమని నొక్కాడు. పచ్చ లైటు వెలిగింది. గాలి వచ్చింది.

ఏం గాలి! ఇటుకబట్టీ దగ్గర నిలబడ్డవాళ్లకు తెలుస్తుంది దాని సంగతి.

నేను బావ వైపు చూశాను. బావ నా వైపు చూడలేదు. రాజలింగు మా అందరి వైపు ఆశగా చూస్తున్నాడు.

"ఎట్లున్నది బావా కూలింగు?"

అప్పుడు మా బావ ఏమనుకున్నాడో తర్వాత నాకు చెప్పాడు. కారులో ఉడికి ఉడికి తన ఒంటికే చల్లదనం తెలియకుండా పోయిందనుకున్నాడట. గదిలో తనకొక్కడికే ఉక్కపోస్తుంటే, అది బయటపడితే, ఏసీ అలవాటు లేనివాడనుకుంటారని భయపడ్డాడట.

"బ్రహ్మాండం! జర ఎక్కువనే ఉన్నది," అని కండువా భుజాల చుట్టూ కప్పుకున్నాడు.

"తగ్గియ్యాల్నా?"

"వద్దొద్దు, ఉండనియ్యుండ్రి. మాకు అలవాటే."

మా అక్క "చలికి నా కాళ్లు తిమ్మిర్లు ఎక్కుతున్నయి," అంది. పక్కింటాయన "నాకైతె దంతాలు కొట్టుకుంటున్నయి," అన్నాడు. ఆయన ముక్కు మీది నుంచి చెమట చుక్క ఓదెమ్మ పెట్టిన గారె మీద పడింది. ఆయన ఉప్పు సరిపోయిందన్నాడు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అనేవారు పెద్దలు. వాళ్లు ఈ గది చూడలేదు, ఇక్కడ ఈగలు కూడా బతకవు.

లచ్చమ్మ చుట్టూ చూసి, మెల్లగా అంది: "అచ్చం మా కారు లెక్కనే ఉన్నది."

రాజలింగు పొంగిపోయాడు! "గంత మాట అన్నవా పెద్దమ్మా! మీ కారుతోని మాకు పోలికా!" అని రెండు చేతులూ జోడించాడు.

ఆ చేతులు దించకముందే లచ్చమ్మ పక్కకు ఒరిగిపోయింది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. పట్టుకుంటే ఆమె ఒళ్లు కాలిపోతున్నది. అక్క "అత్తమ్మా! అత్తమ్మా!" అని ఏడుపు మొదలుపెట్టింది. ఇక్కడ ఒక్క కిటికీ తెరిస్తే కథ అయిపోయేది. కానీ కిటికీ ఎవరు తెరుస్తారు?

"బావా, మీ ఏసీ కారుల పండవెడదాం. మా గది కంటె అది చిన్నగ ఉంటది, జల్ది చల్లవడ్తది," అన్నాడు రాజలింగు. తన ఏసీ సంగతి తనకు తెలుసు. మా కారు సంగతి తెలియదు.

"వద్దు బావా, మీ గదిలనే ఉండనియ్యుండ్రి. గింత మంచి ఏసీ యాడ దొరుకుతది!" అన్నాడు బావ. తన కారు సంగతి తనకు తెలుసు. ఆ గది సంగతి ఇంకా నమ్మలేదు.

"లేదు లేదు, కారే!"

"ఛ ఛ, గదే!"

మర్యాదస్తులు కదా, ఒకరి మాట ఒకరు తీసేయలేక ముసలమ్మను మంచం మీద వేసి, మంచంతో సహా కారు దాకా మోయించారు. తలుపు తెరిస్తే సెగ కొట్టింది. "ఇంజను బందువెట్టినం గద, కూలింగు పోయింది," అని బావ మళ్లీ గదిలోకి మోయించాడు. గది సెగకు రాజలింగు "అందరం ఉన్నం గద, జర ఎక్కువమందిమైనం," అని మళ్లీ కారు వైపు తిప్పించాడు. మంచం ఒక కొస నేను పట్టుకున్నాను, ఒక కొస మహేందర్ పట్టుకున్నాడు. మధ్యలో వేపచెట్టు నీడ మీదుగానే పోయాం, వచ్చాం!

ఈలోగా ఎవరో "చలికి బిగుసుకపోయింది, కప్పుండ్రి," అని రగ్గు తెచ్చి కప్పారు. ఎండాకాలంలో! రగ్గు! బావ వద్దనలేదు. ఆ క్షణంలో బావను కొడదామన్నంత కోపం వచ్చింది నాకు. కానీ మంచం కొస నా చేతిలో ఉంది.

అక్క ఏడుస్తూ స్రవంతికి ఫోన్ చేసింది. స్రవంతి గొంతు అందరికీ వినబడేట్టు మోగింది.

"నాయినమ్మకు ఏమైంది బాపూ?"

"ఏం లేదు బిడ్డా. ఏసీ జర ఎక్కువై చలి వడలే."

"ఒళ్లు ఎట్లున్నది?"

"కాలుతున్నది," అంది అక్క.

"రగ్గు తియ్యుండ్రి ముందుగాల! అది వడదెబ్బ!"

"ఏసీల కూసున్నోళ్లకు వడదెబ్బ ఎట్ల తాకుతది బిడ్డా?" అన్నాడు రాజలింగు. పాపం, అమాయకంగా అడిగినట్టే అడిగాడు.

"బాపూ, నువ్వు చెప్తవా? నన్ను చెప్పమంటవా?"

బావకు ఒక పక్క కన్నతల్లి, ఒక పక్క పరువు. ఆయన ఆలోచిస్తున్నాడు. ఆఫీసులో కూడా అంతే, ప్రాణాల మీదికొచ్చిన ఫైలును కూడా బావ పరిశీలనలో ఉంచుతాడు.

ఓదెమ్మకు పరిశీలన చేతకాదు. రగ్గు లాగి అవతల పడేసింది. "సచ్చిపోతున్నది ముసల్ది! మా ఏసీ నడుస్తలేదు! ఉగాది నుంచి గ్యాస్ లీకై వట్టి గాలి కొడుతున్నది. నిన్న రిమోటు ఒక్కటి కొత్తది కొనుక్కొచ్చిండు మా ఆయన!" అని అరిచి, లచ్చమ్మను వేపచెట్టు కిందికి తెప్పించి, తడిగుడ్డతో ఒళ్లంతా తుడిచి, చేటతో విసిరింది. ఫోనులో స్రవంతి చెబుతున్నట్టే ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు కొద్దికొద్దిగా పోసింది. కాసేపటికి లచ్చమ్మ కళ్లు తెరిచింది. నాకు కళ్లలో నీళ్లొచ్చాయి. గట్టిగానే ఏడ్చాను, సిగ్గేముంది!

ఇక రాజలింగు తల ఎత్తలేదు. అప్పుడు చూడాలి మా బావను! తల్లి బతికిందని తెలిసిన మరుక్షణం సూపరింటెండెంటు కూడా బతికాడు. గొంతు సవరించుకున్నాడు.

"చూడుండ్రి రాజలింగుగారూ. ఏసీ లేకపోవుడు తప్పు కాదు. లేనిది ఉన్నదని చెప్పుడు తప్పు. అబద్ధం మీద సంబంధం కలుపుకునే ఖాందాన్ కాదు మాది. విషయాన్ని పునఃపరిశీలించవలసి ఉన్నది."

మహేందర్ మొహం పాలిపోయింది. గురివింద గింజ కూడా ఆ పూట మా బావను చూసి సిగ్గుపడి ఉంటుంది.

"మామా!" అక్క చేతిలో ఫోన్ నుంచి స్రవంతి పిలిచింది. "కారు బానెట్ ఎత్తు."

"వద్దు," అన్నాడు బావ.

నేను ఎత్తాను. అందరూ వచ్చి చూశారు. లోపల సీసా వేలాడుతున్నది, పైపు కిందికి దిగింది, ఇంకా చుక్కలు పడుతూనే ఉన్నాయి. పక్కింటాయన చాలాసేపు చూసి, "బండికి ఏం రోగం?" అన్నాడు.

"దానికి గూడ గ్యాసే లీకైంది! నేనే కట్టిన ఆ సీసా. బాపు కట్టుమన్నడు," అంది స్రవంతి. "మహేందర్‌గారూ, మా సంగతి గిది. ఇంక మీ ఇష్టం."

మహేందర్ ఫోన్ దగ్గరికి వచ్చాడు. నాలుగు మాటలు కూడబలుక్కున్నాడు. "భూపాలపల్లిల ఒక ఇల్లు కిరాయికి చూసిన. ఏసీ లేదు. కిటికీలున్నయి."

"తెరుసుకుంటయా?"

"అన్నీ తెరుసుకుంటయి."

"అయితె నాకు ఇష్టమే," అంది స్రవంతి. లచ్చమ్మ మంచం మీది నుంచే "ఇల్లు నాకు నచ్చింది," అని తీర్పు చెప్పింది. ఆమె చూసిన ఇల్లు వేపచెట్టు నీడే.

తండ్రులిద్దరూ ఇంకా దూరదూరంగా నిలబడి ఉన్నారు. కొంతసేపటికి రాజలింగు దగ్గరికి జరిగాడు.

"మీది ఎన్నడు లీకైంది బావా?"

"శివరాత్రికి. మీది ఉగాదికి గద?"

"గ్యాస్ ఎన్నిసార్లు నింపిచ్చిన్రు?"

"అడగకుండ్రి!"

ఇద్దరూ చేతులు పట్టుకున్నారు. దొందూ దొందే! జాతకాలు కూడా అంత బాగా కలవలేదని తర్వాత అయ్యగారు చెప్పారు. ఇక వీళ్లకు బుద్ధొచ్చిందని నేను మురిసిపోయాను. అప్పుడు బావ గొంతు తగ్గించి అన్నాడు: "బావా, ఈ ముచ్చట బయటికి పొక్కొద్దు. జనం నోరు మూయియ్యాలంటె పెండ్లి ఏసీ హాల్ల చెయ్యాలె."

"ఏసీ హాల్లనే!" అన్నాడు రాజలింగు.

నెలాఖరుకు ముహూర్తం. జనగామ ఊరి బయట ఒక ఫంక్షన్ హాలు. పెండ్లికార్డు మీద వధూవరుల పేర్ల కంటే "పూర్తిగా ఏసీ" అన్న అక్షరాలు పెద్దగా పడ్డాయి. హాలు ఏసీ సంగతి మీకు చెప్పనక్కర లేదు. పొద్దున్నే గ్యాస్ నింపించానని ఓనరు ఒట్టేశాడు. తలుపులు మూశారు. ఒక తలుపు దగ్గర బావ, ఒక తలుపు దగ్గర రాజలింగు కాపలా! "తలుపు మూయుండ్రి, కూలింగు పోతది!"

వచ్చినవాళ్లంతా "అబ్బ, ఏం చల్లగుంది!" అంటూ పెండ్లికార్డులతో విసురుకున్నారు. బావ ఆఫీసు పెద్దసారు సరిగ్గా బావ కన్యాదానం చేసి లేచే వేళకు వచ్చి ముందు వరుసలో కూర్చున్నాడు. కోటు వేసుకొని వచ్చాడు. "కూలింగ్ ఎక్సలెంట్, ధర్మేందర్," అని సెలవిచ్చాడు. బావ జన్మ ధన్యమైంది.

తాళి ఇంకా కట్టలేదు. స్రవంతి అయ్యగారి చెవిలో ఏదో అంది. అయ్యగారే ముందు లేచారు. పాపం, అందరికంటే హోమానికి దగ్గరగా కూర్చున్నది ఆయనే. వంటశాల వైపు చిన్న తలుపు ఒకటి ఉంది, దానికి కాపలా లేదు. పిల్లా పిల్లగాడూ అందులోంచి బయట మామిడి చెట్ల కిందికి నడిచారు. వెనక లచ్చమ్మ, ఓదెమ్మ, మా అక్క, నేను. తర్వాత మేళంవాళ్లు, చుట్టాలు, పక్కాలు, టీక్యా. అందరం చెట్ల కింద నిలబడి ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నాం. గాలి వీచింది. స్రవంతి నవ్వింది. ఆ నవ్వు కోసం నేను ఇంకో పది కార్లకు సెలైన్ పెడతాను!

ముహూర్తం దగ్గర పడింది. నేను లోపలికి పరుగెత్తాను. అంత పెద్ద హాల్లో ముగ్గురే ఉన్నారు. పెద్దసారు కుర్చీలో, ఆయనకు అటూ ఇటూ బావ, రాజలింగు. పెద్దసారు ఒకసారి చల్లగుందని సెలవిచ్చాక మళ్లీ ఉక్కగా ఉందని ఎట్లా లేస్తాడు? ఇచ్చిన ఉత్తర్వు వాపసు తీసుకోవడం ఆ ఆఫీసు చరిత్రలోనే లేదు. ఆయన లేవకుండా వీళ్లు ఎట్లా లేస్తారు?

"బావా, తాళి గడుతున్నరు! జల్ది రా! పిల్ల నీ కోసం చూస్తున్నది!"

బావ పెద్దసారు మొహం చూశాడు. పెద్దసారు కోటు గుండీ పెట్టుకున్నాడు. బావ మళ్లీ నా మొహం చూశాడు. ఒక్క అడుగు వేశాడు కూడా. అప్పుడే బయట గట్టిమేళం మోగింది.

అయిపోయింది. బిడ్డ పెండ్లి అయిపోయింది.

బావ కండువాతో మొహం తుడుచుకున్నాడు. అది చెమటో, కన్నీళ్లో నాకు తెలియలేదు. ఆయనకు తెలిసే ఉంటుంది. తర్వాత గొంతు సవరించుకొని, పెద్దసారుకు వినబడేట్టు నాతో అన్నాడు:

"చూసినవా బామ్మర్దీ! చలికి తట్టుకోలేక అందరు బయటికి ఉరికిన్రు!"